పేరు గడి

షెల్ట్ నది ఒడ్డున, రాతి కొట్టులో
ఫిరంగుల పద్దు రాయడం నా కొలువు.
ఒక్కోదానికి నాలుగు గళ్ళు:
పేరు, బరువు, పట్టే మందు, విసిరే గుండు.

బరువు తూకంరాళ్ళు చెబుతాయి.
మందు గోస్విన్ చెబుతాడు, మసి వేళ్ళు మడిచి.
పేరే ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందో తెలీదు.
పోత చల్లారకముందే ఎవడో కూలివాడు అనేస్తాడు,
సాయంత్రానికి ఊరంతా అంటుంది,
మర్నాడు నేను రాస్తాను.

చిన్నవాటికి పిట్టల పేర్లు: డేగ, పిల్లడేగ, సాళువం.
సన్నగా పొడుగ్గా ఉంటే పాము.
ఆ మూల పన్నెండుమంది అపొస్తలులు ఉండాలి,
పదకొండుమందే ఉన్నారు.
తోమాకి గురి కుదరదు, పాపం, స్వభావం.
యూదా పేరు పెట్టడానికి గోస్విన్ ఒప్పుకోలేదు:
"పక్కన నిలబడి నిప్పు ముట్టించేది నేను గదా!"

మరీ పెద్దవాటికి మాత్రం ఆడవాళ్ళ పేర్లే.
ఎందుకని అడిగితే నవ్వుతారు.
బద్ధకపు బేలె, రోజుకి రెండుసార్లకు మించి పేలదు.
ఎర్ర యుట్టె, తుప్పు వల్ల.
గయ్యాళి హైల్విక్.
పదహారువేల పౌన్లు. నోట్లో ఓ మనిషి కూర్చోవచ్చు.

చేపల సంతలో హెర్రింగులమ్మే హైల్విక్ కేక
అవతలి ఒడ్డు పడవలవాళ్ళకీ వినబడేది.
అందుకే ఆ పేరు. అంతకుమించి పగేమీ లేదు.
మొదట్లో ఆవిడే మురిసింది.
పోత చూడ్డానికొచ్చి, కంచు చెంప మీద చెయ్యేసి
"నాకన్నా బొద్దుగా ఉందే" అంది.

ముట్టడి పదకొండు రోజులు.
పన్నెండో రోజు దిగువన ఉన్న ఆ ఊరు తలుపులు తెరిచింది.

చలి ముదిరాక నా బల్ల దగ్గరికొచ్చింది.
చేతులకి పొలుసులు. గొంతు తగ్గించి మాట్లాడుతుంటే
ఇంకెవరో అనుకున్నాను.

"ఆ ఊళ్ళో నా చెల్లెలుంది, అలైడ్.
చూసొద్దామని వెళ్ళాను.
వీధిలో ఓ తల్లి పిల్లాణ్ణి జోకొడుతోంది,
పడుకో, హైల్విక్ వస్తుంది అని.
రొట్టెలవాడి గోడ లేదు. ఏమైందంటే
హైల్విక్ తినేసిందన్నారు.
ముగ్గుర్ని ఒకే గోతిలో పెట్టారట. ఎవరు చేశారని
నేను అడగలేదు, వాళ్ళే చెప్పారు.
చిన్నప్పట్నుంచీ పేరు పెట్టి పిలిచే పిల్ల
ఉన్న మూడు రోజులూ అక్కా అనే అంది బాబూ,
మెల్లిగా, తలుపు వేసి.

నా పేరు కొట్టెయ్యి."

పద్దుకెక్కినదాన్ని కొట్టెయ్యాలంటే
నగరసభ తీర్మానం కావాలి, ముగ్గురు పెద్దల ముద్రలు కావాలి.
అదే చెప్పాను.
నాకు తెలిసిన మాటలవే.
ఆవిడ అరుస్తుందనుకున్నాను.
అరిస్తే బాగుండేది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఎవరి నోరు, ఏ ఊరు?

ఆ రాత్రి కొవ్వొత్తి దగ్గర
ఈక కలం చెక్కే కత్తితో తోలుకాగితం గీకాను.
సిరా పైపైన పోయింది, అడుగున గోధుమరంగు నీడ మిగిలింది.
అక్కడ ఎంత పలచబడిందంటే
వెనకవైపు రాసిన గుండ్ల లెక్క కనబడేది.
అలాగే వదిలేశాను.

సంతలో ఆవిడిప్పుడు అరవదు.
చేప ఎత్తి చూపిస్తుంది, వేళ్ళతో ధర చెబుతుంది.
కేక లేని చేప నిన్నటిదేమోనని
పాత బేరగాళ్ళు పక్క బల్లకి పోతున్నారు.

నాకు చూపు మందగించాక కొత్త కుర్రాణ్ణి పెట్టారు.
ముత్యాల్లాంటి దస్తూరీ.
ఖాళీ గడి చూసి నా పొరపాటనుకున్నాడు,
గోస్విన్‌ని అడిగి తెలుసుకున్నాడు,
పలచబడ్డచోట చిరగకుండా ఊపిరి బిగబట్టి
రాసి, ఇసక చల్లాడు.
మెచ్చుకుంటానని తెచ్చి చూపించాడు.

మెచ్చుకున్నాను.